జీరో టికెట్ వెనక

పొద్దుగాల ఆరున్నర బస్సు,
నల్లగొండ నుంచి దేవరకొండ.
కనగల్ దాటినంక గాని నాకు కూసుండ సందు దొరకదు.
టికెట్ రోల్ ఆఖరున ఎర్రగీత పడ్డ కాగితం
పారేయను. వెనక తెల్లగుంటది.
మిషన్ అచ్చు ఎండకు నాలుగొద్దులల్ల ఎలిసిపోతది,
పెన్నురాత ఉంటది.

గుర్రంపోడ్‌ల ఎక్కుతది కేతావత్ నందిని,
ఇంటర్ రెండో ఏడు, మల్లేపల్లి కాలేజీ.
సంకల అట్ట చిరిగిన పుస్తకం.
మాట, దాని అర్థం, కింద ఓ వాక్యం.
రోజుకు ఐదు. రాడ్డుకు మోచెయ్యి తగిలించి
నిలవడే చదువుతది:
"రిలక్టెంట్, అక్కా. మనసొప్పక చేసుడు.
జాన్ పడవెక్కనీకి రిలక్టెంట్‌గ ఉన్నడు."

ఎవడే గీ జాన్?
ఆరేండ్ల నా సర్వీసుల
ఒక్కనాడన్న మన బస్సెక్కిండా? ఏ స్టేజీల దిగిండు?
పిల్ల నవ్వింది.
నేను నా కాగితం మీద రాసుకున్న:
మొగోళ్లకు టికెట్ ఉన్నదంటే
బత్తాయి మూటల సత్తయ్య
రిలక్టెంట్‌గ అంగీజేబుల చెయ్యి పెట్టిండు.

అబండెంట్ అంటే పుష్కలం.
నదిల నీళ్లు అబండెంట్‌గ ఉన్నయి, అన్నది పుస్తకం.
నందిని కిటికీలకెల్లి ఎండిన కాలువ దిక్కు చూసి
"ఇది కొట్టేద్దామా అక్కా" అన్నది.
కొట్టేసినం. మా వాక్యం:
సంతరోజు ఫుట్‌బోర్డు మీద కాళ్లు అబండెంట్.

ఫేర్ కాడ లొల్లయింది.
ఫేర్ అంటే ఛార్జీ, ఇది నాకెరికే.
ఫేర్ అంటే జాతరనట. ఫేర్ అంటే తెల్లతోలట.
ఫేర్ అంటే న్యాయమట.
ఇంగ్లీషుల రాత వేరే ఉంటదట, నోటికి ఒకటేనట.
నేను మన అక్షరాలల్ల రాసుకుంటనాయె,
అన్నీ ఒక్కతీరుగనే పడ్డయి.
'లేడీస్‌కు ఫేర్ జీరో' అని రాసి
చదువుకున్న. మళ్ల చదువుకున్న.
ఏ ఫేరో తెల్వలే.

మొన్న శుక్రవారం, నడిమి పేజీల:
"కంపాషనేట్, అక్కా. దయగలిగిన.
నర్సు చాన కంపాషనేట్ మనిషి."

దీన్ని నీకంటె ముందే నేర్చిన బిడ్డా, అనలే.
మా లింగస్వామి స్టీరింగ్ మీదనే ఒరిగిన ఏడు
ఆఫీసు బల్లకాడ నాకు చదివి వినిపించిన
మొదటి ఇంగ్లీషు అదే:
కంపాషనేట్ గ్రౌండ్స్.
గ్రౌండ్స్ అంటే జాగ ఇస్తున్నరనుకున్న.
పది గుంటలన్న ఉంటదా సారూ, అని అడిగిన.
గుమాస్త తలెత్తలే.
ఖాకీబట్ట కొలిచి ఇచ్చిండ్రు.
జాగ గూడ దొరికిందనుకో,
డ్రైవర్ సీటు వెనక
కాళ్లకింద ఊగే గీ రేకు.

"వాక్యం చెప్పక్కా."
చిల్లర లెక్కవెడుతున్నట్టు చేసిన.

జరసేపాగి పిల్లే అడిగింది:
మనం ఆగమైన అంటం చూడు,
దాన్ని ఇంగ్లీషుల ఏమంటరు?
కన్ఫ్యూజ్ అన్నది. కాదన్న.
రూయిన్ అన్నది. గంత కాదన్న.
లాస్ట్ అన్నది.
తప్పిపోయినోళ్లకు ఇల్లుంటది గద పిల్లా, ఎక్కడనో ఓ కాడ.

అయితె అర్థం నువ్వే రాయి, అన్నది పెన్నిచ్చి.
రాసిన. బస్సు కుదుపులకు అక్షరాలు వంకరబోయినయి:

ఆగం: మూలమలుపు కాడ బ్రేకు పడ్డప్పుడు
పట్టుకున్న రాడ్డు చేతులకెల్లి జారినంక,
కింద పడకముందు,
నడుమ ఉండేది.

"మరి వాక్యం?"

మల్లేపల్లి! మల్లేపల్లోళ్లు దిగుండ్రి!
విజిల్ ఊదిన. పిల్ల పుస్తకం నెత్తిమీద పెట్టుకొని
వాన చినుకుల్ల ఉరికింది,
కిటికీ కింద ఆగి అరిచింది: "రేపు రాయాలె!"

ఎక్కుతున్న ముసలామెను ఆధార్ కార్డు చూపియ్యమన్న.
కొంగుముడి ఇప్పుతున్నది, నిమ్మళంగ, ఎంతకీ రాదు.
యాడికమ్మా అంటే
బిడ్డ కాడికి, అన్నది. ఊరి పేరు చెప్పలే.
దేవరకొండకు జీరో కొట్టిన.
మిషన్ల కాగితం
ఎర్రగీతకొచ్చింది.